శనివారం ఆటకు అడాప్టరు

చావ్లా అంకుల్ ఇంట్లో గోడకు మేకు కొడితే ఆయన గుండెకు కొట్టినట్టే. ఫరీదాబాద్‌లో ఆ ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకునేటప్పుడే కిరీటికి ఈ సంగతి తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. కింద హాల్లో ఇంటర్నెట్టు మోడెం ఉంది, అద్దెలోనే నెట్టు కూడా కలిసి వస్తుందనేసరికి మురిసిపోయి అడ్వాన్సు చేతిలో పెట్టేశాడు. సామాను దించుకున్న రోజే, మెట్ల మీదుగా ఒక తీగ పైకి లాక్కుంటానని అడిగాడు.

"నహీ బేటా, నయా పెయింట్ హై," అన్నాడు చావ్లా అంకుల్, కొత్త రంగు గీసుకుపోతుందని. మెట్ల మీద తీగ ఉంటే ఆంటీ తట్టుకుని పడుతుందని కూడా అన్నాడు. "వైర్‌లెస్ హై నా. హవా మే ఆతా హై," అంటూ చెయ్యి గాల్లో తిప్పి చూపించాడు. ఆనక తానే పైకొచ్చి, కిరీటిని గోడవైపు తిరగమని, లాప్‌టాప్‌లో పాస్‌వర్డు స్వహస్తాలతో కొట్టి వెళ్ళాడు. కన్నకొడుక్కి కూడా ఆ పాస్‌వర్డు చెప్పలేదట.

గాల్లో వచ్చేది లాప్‌టాప్‌కు బాగానే వచ్చింది. రానిదల్లా టీవీ కింద కూర్చున్న గేమ్ కన్సోలుకే. దానికి తీగ గుచ్చుకునే కన్నం ఉంది తప్ప గాల్లోంచి సిగ్నల్ అందుకునే ఏర్పాటు లేదు. కావాలంటే అడాప్టరు విడిగా కొనుక్కోవాలి.

ముప్పై దాటిన మగాడు వీడియో గేమ్ ఆడకపోతే కొంపలేం మునుగుతాయని మీరనవచ్చు. కిరీటి కొంప నిజంగానే మునిగేట్టుంది. ఎందుకో చెప్పాలి.

మాఘమాసంలో విజయవాడలో కిరీటి తమ్ముడు చైతు పెళ్ళి జరిగింది. తండ్రి లేని ఇల్లు. అప్పగింతల్లో తండ్రి స్థానంలో కూర్చోవలసినవాడు అన్నగారే. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి, మగపెళ్ళివారి చేతుల్లో పెట్టి, ఇకమీదట మా పిల్ల మీ పిల్ల అని ఒప్పజెప్పే వేళకు కిరీటి పెళ్ళిపందిట్లోంచి లేచొచ్చి గన్నవరం విమానాశ్రయంలో వరసలో నిలబడి ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్త ప్రోగ్రాం రిలీజు, మేనేజరు ఫోను మీద ఫోను. "పెళ్ళికొడుకు అన్నగారెక్కడండీ?" అని పురోహితుడు పిలిచి పిలిచి ఊరుకుంటే, చివరికి మేనమామ వచ్చి ఆ చేతులు అందుకున్నాడట. తీరా చూస్తే ఆ దిక్కుమాలిన రిలీజు మరుసటి వారానికి వాయిదా పడింది.

చైతు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత కిరీటి ఫోను చేస్తే "పనుంది అన్నయ్యా, మళ్ళీ మాట్లాడతా" అని పెట్టేశాడు. ఆ మళ్ళీ అన్నది రానే లేదు. రెండోసారి చెయ్యడానికి కిరీటికి ముఖం చెల్లలేదు. ముఖం చెల్లకపోవడానికి పౌరుషం కూడా తోడైంది, అబద్ధమెందుకు.

పెళ్ళికి ముందు ఇద్దరూ నెట్టులో ఆడుకునేవాళ్ళు, అదీ ఆగిపోయింది. అలాంటిది వేసవిలో ఒక శనివారం సాయంత్రం ఏడింటికి కన్సోలు పెట్టగానే, తెర మీద చైతు పేరు పక్కన, ఆటకు వచ్చాడన్న గుర్తుగా పచ్చచుక్క వెలిగింది. ఫుట్‌బాల్ ఆడదాం రమ్మని కబురు కూడా వచ్చింది. కిరీటి వెంటనే సరేనన్నాడు. మాట్లాడుకునే మైకు ఇద్దరిలో ఎవరూ పెట్టుకోలేదు. ఒక్క మాట లేకుండా ఆడారు, కిరీటి ఓడిపోయాడు, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మరుసటి శనివారమూ చుక్క వెలిగింది. ఆ పైవారమూ అంతే. వెనకటి చైతుకు బంతి దొరికితే ఎవరికీ ఇవ్వడు, ఒక్కడే గోలు దాకా పరుగెత్తుతాడు. ఇప్పుడు ఓపికగా అందరికీ అందిస్తున్నాడు. కిరీటి ఆటగాడు కింద పడితే బంతిని బయటికి తన్ని ఆగుతున్నాడు. పెళ్ళయ్యాక మావాడికి నెమ్మది వచ్చింది, కోపం కూడా దిగుతోంది అనుకున్నాడు కిరీటి.

అప్పుడు ఇల్లు మారారు. మారినప్పటి నుంచి శనివారాలన్నీ ఉత్తినే పోతున్నాయి. అక్కడ ఏడింటికి తమ్ముడు కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు. అన్న రాడు. అప్పగింతలకూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా కిరీటికి అన్నం సయించేది కాదు.

"ఇల్లు మారాం, నెట్టు లేదు అని ఫోన్ చేసి చెప్పొచ్చుగా," అంది భార్య ప్రవల్లిక.

"ఏమని చెప్పను? పెళ్ళిలో నిలబడనివాణ్ణి, ఆటకు రాలేదని సంజాయిషీ చెప్పనా?"

"మీ అన్నదమ్ములిద్దరికీ నోళ్ళు దేవుడు ఎందుకిచ్చాడో," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సరే, అడాప్టరు. కన్సోలు తయారుచేసిన కంపెనీవాళ్ళదే ఒకటి ఉంది. ధర చూసి కిరీటికి కళ్ళు తిరిగాయి. కన్సోలు ఖరీదులో మూడో వంతు పోస్తే గాని అది రాదు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని పళ్ళు కొరుక్కున్నాడు. ఇంటి అడ్వాన్సుకూ లారీకీ ఊడ్చిపెట్టాక ప్రవల్లికను ఆ డబ్బు అడిగే ధైర్యం లేదు.

ఎండలో పడి ఢిల్లీలో కంప్యూటర్ల బజారు నెహ్రూ ప్లేస్ వెళ్ళాడు. బొటనవేలంత పుల్ల ఒకటి చూపించాడు దుకాణంవాడు. "సబ్ మే చలేగా సర్, అన్నిట్లో నడుస్తుంది. ఆంఖ్ బంద్ కర్ కే లే జాయియే." కిరీటి నిజంగానే కళ్ళు మూసుకుని తెచ్చుకున్నాడు. కన్సోలుకు గుచ్చితే ఆ పుల్లలో దీపమైతే వెలిగింది, కన్సోలు మాత్రం దాన్ని గుర్తుపట్టనే లేదు. మళ్ళీ అంత దూరం పోయి అడిగితే, "కంప్యూటర్లో నడుస్తోందా లేదా?" అన్నాడు వాడు హిందీలో. నడుస్తోందన్నాడు కిరీటి. "మరి మాల్‌లో, అంటే సరుకులో, ఖరాబేముంది సర్?" అన్నాడు వాడు. తిరిగి తీసుకోలేదు.

తీసుకోకపోగా ఇంకోటి అంటగట్టాడు. పాత డబ్బా, సెకండ్ హ్యాండు, రెండు కొమ్ములు. గాల్లో సిగ్నల్ పట్టుకుని తీగ ద్వారా కన్సోలుకు పంపిస్తుందట. అరిచేతిలో వైకుంఠం చూపించాడు. చెవిలో పువ్వులు పెట్టించుకుని ఆ డబ్బా సంకన పెట్టుకుని బస్సెక్కాడు కిరీటి. ఆఫీసులో పాతికమందికి పని చెప్పే మనిషి, ఇలాంటి చోట వట్టి అమాయకుడు.

ఆ శనివారం సాయంత్రం అయిదింటికే డబ్బాను లాప్‌టాప్‌కు కలిపి సిద్ధం చేశాడు. దానికి పాస్‌వర్డు కావాలి. చావ్లా అంకుల్‌ను బతిమాలి పైకి తీసుకొచ్చాడు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, కిరీటిని గోడవైపు తిప్పి, ఒక్కో అక్షరం చూపుడువేలితో వెతికి వెతికి కొట్టాడు. తప్పంది తెర. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పంది.

"అంకుల్, పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూసుకున్నారా?" అని గోడకు చెప్పాడు కిరీటి.

"మేరా పాస్‌వర్డ్ గలత్ నహీ హో సక్తా, అది తప్పే కాదు," అన్నాడాయన. "నీ డబ్బాయే ఖరాబు."

మరోసారి కొట్టి, నొచ్చుకుని, చాయ్ కూడా తాగకుండా దిగిపోయాడు. కిరీటి నెట్టులో వెతికితే చావ్లా అంకుల్ మాటే నిజమైంది. కింది మోడెంకు వేసింది కొత్త రకం తాళం, ఈ ముసలి డబ్బాకు పాత రకం తాళమే తెలుసు. దాన్ని తీసి సోఫా మీదికి విసిరేశాడు. డబ్బు పోయింది, సెలవులు పోయాయి, ఇంకాసేపట్లో ఈ శనివారమూ పోతుంది. తల ప్రాణం తోకకొచ్చింది. ఏడుపొచ్చింది కూడా, ప్రవల్లిక చూస్తుందని మొహం కడుక్కున్నాడు.

ఆవిడ చూడనే చూసింది. సెల్ఫోను తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇలాంటివన్నీ చైతుకు కొట్టిన పిండి. అడాప్టరు ఏది కొనాలో అడగండి. అదొక్కటే అడగండి. క్షమాపణలు, సంజాయిషీలు ఏమీ వద్దు."

కిరీటి ఫోను అందుకున్నాడు. నంబరు నొక్కాడు. అవతల ఆడగొంతు పలికింది.

"బావగారూ, నేను అనూహ్యని. ఆయన స్నానం చేస్తున్నారండీ."

తమ్ముడి భార్య. పెళ్ళి తర్వాత ఆ పిల్లతో మాట్లాడటం ఇదే మొదలు. కిరీటి లేచి నిలబడ్డాడు. "ఏం లేదమ్మా, కన్సోలుకు అడాప్టరు ఏది కొనాలో వాణ్ణి అడుగుదామని."



"అంటే, నెట్టు లేక రావట్లేదా మీరు?"

"అవునమ్మా. ఇల్లు మారాం."

"నేనింకేదో అనుకున్నానండీ. ప్రతి శనివారం పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆడేది నేనని మీకు తెలిసిపోయి మానేశారేమో అనుకున్నా."

కిరీటికి అర్థం కాలేదు. "నువ్వా?"

"నేనే. హాస్టల్లో ఉన్నప్పుడు నేర్చుకున్నా. పెళ్ళయ్యాక ఆయన మీతో ఆడనని పంతం పట్టారు. కానీ మీ పేరు వెలిగితే చాలు, ఆడకుండా అలా చూస్తూ కూర్చునేవారు. చూడలేక ఓరోజు నేనే మీకు కబురు పెట్టాను. మొదట్లో కోప్పడ్డారు. తర్వాత నా వెనకే నిలబడి, అలా కాదు ఇలా కొట్టు అనేవారు."

కిరీటి సోఫాలో కూలబడ్డాడు. ఏ పిల్ల చేతులు అందుకోవలసిన వేళ తాను పారిపోయాడో, ఆ పిల్లే ఇన్ని శనివారాలు అన్నదమ్ముల మధ్య కూర్చుని బంతి అందిస్తూ వచ్చింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. ప్రవల్లిక వద్దన్న మాట నోటికి వచ్చేసింది.

"ఆ రోజు నేనక్కడ ఉండాల్సిందమ్మా."

"ఉండాల్సిందేనండీ," అంది అనూహ్య. గొంతులో కోపం లేదు, మొహమాటమూ లేదు. "మా నాన్న పాలగిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు." ఆ తర్వాత, "ఆయన వచ్చారు, ఇస్తున్నా," అంది.

ఏవో గుసగుసలు వినిపించాయి. తర్వాత చైతు గొంతు.

"ఏం కొన్నావ్?"

కిరీటి పుల్ల సంగతి, కొమ్ముల డబ్బా సంగతి చెప్పాడు.

"లాప్‌టాప్‌లో నెట్టొస్తోందా?"

"వస్తోంది."

"పాత ఇంట్లో మోడెంనుంచి కన్సోలుకు పెట్టుకున్న తీగ ఉందా?"

"ఉంది."

"ఒక కొస లాప్‌టాప్‌కు పెట్టు, ఇంకో కొస కన్సోలుకు. లాప్‌టాప్‌ సెట్టింగుల్లో నెట్టు షేరింగ్ అని ఉంటుంది, దానికి టిక్కు పెట్టు. అంతే. ఏ అడాప్టరూ అక్కర్లేదు." చైతు గొంతు పెరిగింది. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఢిల్లీ అంతా వెతికావు. ఇన్నేళ్ళు సాఫ్ట్‌వేర్లో ఏం వెలగబెట్టావురా అన్నయ్యా? బుద్ధుందా అసలు? ఒక్క ఫోను చెయ్యడానికి ఏం రోగం?"

మాఘమాసం నుంచి లోపల దాచుకున్న తిట్లన్నీ ఆ తీగ మీద పెట్టి తిట్టాడు. కిరీటి ఊ కొడుతూ కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ప్రాణం లేచొచ్చినట్టుగా ఉంది.

ఏడు దాటాక పచ్చచుక్క వెలిగింది. ఇద్దరూ మైకులు పెట్టుకున్నారు, అయినా మాటలేమీ లేవు. ఆట మొదలైన కాసేపటికి కిరీటి ఆటగాడొకడు కిందపడ్డాడు. అవతలివాడు ఆగలేదు. బంతి ఎవరికీ ఇవ్వకుండా ఒక్కడే పరుగెత్తుకుంటూ పోయి గోలు కొట్టాడు.

"తర్వాతి ఆట అనూహ్యతో," అన్నాడు చైతు. "ఈసారి మధ్యలో లేచి వెళ్ళిపోకు."

వెళ్ళనన్నాడు కిరీటి.