కొడవలిముక్కు పిట్ట గూడు

వాన పడుతోందో, ఆకులే నీళ్లు కారుస్తున్నాయో తెలియడం లేదు కానీ, చనిపోయి ఎనిమిది నెలలైన మా అక్క సువర్చల ఆ కోస్టారికా అడవిలో బురదలో గొంతుక్కూర్చుని, నిమ్మకు నీరెత్తినట్టు, ఒక ఎర్రపూల గెలను నాకు చూపిస్తోంది. గెలను కాళ్లతో గట్టిగా పట్టుకుని బొటనవేలంత పిట్ట వేలాడుతోంది. దాని ముక్కు కొడవలిలా వంగి ఉంది, పువ్వూ అదే వంపు తిరిగి ఉంది. మిగతా హమ్మింగ్‌బర్డ్‌లు గాల్లో నిలబడి తేనె తాగుతాయట, ఇది మాత్రం ఇలా పట్టుకుని తాగుతుందట, ఈ ముక్కుకి ఈ పువ్వే కుదురుతుందట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. జబ్బని తెలిశాక ఏడు నెలలు బతికింది, ప్రతి ఆదివారం ఫోన్ చేసి పిట్ట ముక్కు కొలతలు చెప్పింది, తన జబ్బు మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. తను పిట్టల మీద పరిశోధన చేసే ఆ అడవి క్యాంపులో వంటావిడకి తెలుసు. నాకు తెలియదు.

అదే అడుగుతున్నాను, అడుగుతుండగానే అడవి కాస్తా కాకినాడలో నేనుండే అపార్ట్‌మెంట్ మెట్లయిపోతోంది, మెట్ల మలుపులో ఒక పెద్ద ఆకు కొసకి సాలెదారాలతో కట్టిన గూడు ఊగుతోంది, గూట్లో రెండు గుడ్లున్నాయి. అక్క నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతోంది.

"గుడ్ల మీదున్న పిట్ట దగ్గరికి మనుషులు వెళ్లకూడదే హైమా. బెదిరి గూడు వదిలేస్తుంది. నువ్వు వచ్చుంటే నేను పని వదిలేసి నీ వెనకే వచ్చేసేదాన్ని."

"నేను మనుషుల్లో ఒకదాన్నా అక్కా? నీ చెల్లెల్ని."

అక్క మాట మారుస్తోంది. ఈ పిట్ట మీద తను రాస్తున్న పుస్తకంలో ఆఖరి అధ్యాయం మిగిలిపోయిందట, కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి నేనే పూర్తి చెయ్యాలట. చెయ్యనంటున్నాను. వంటావిడ చేత రాయించుకోమంటున్నాను. అక్క నవ్వి లేచి మెట్లు దిగుతోంటే, మెట్లు మళ్లీ బురదవుతుంటే, ఒళ్లు మండిపోయి ఎదురెళ్లి తన చొక్కా రెండు చేతులా పట్టుకుంటున్నాను.

"చెప్పి వెళ్లు. ఈసారైనా నాకు చెప్పి వెళ్లు."

అక్క నోరు తెరుస్తోంది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పడుతోంది. క్యాంపు నుంచి పెట్టెలో వచ్చిన అక్క చొక్కా వేసుకునే నేను రోజూ పడుకుంటాను. దాని పై గుండీ దారంతో సహా తెగి నా గుప్పిట్లో ఉంది.