ఒంటి చేత్తో పట్టిన నవారు

నేను ఒక నవారు మంచాన్ని. తుమ్మచెక్క కోళ్ళు, టేకు పట్టెలు. టేకువని మా ఇంటివాళ్ళు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు గానీ, అవి వేపవని నాకూ, నన్ను చేసిన వడ్రంగి మోక్షాచారికీ మాత్రమే తెలుసు. ఆయన పోయాడు. నేను నోరు విప్పలేదు.

మాది చీరాల. పిచ్చమ్మ కడుపులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ కోసం నన్ను చేయించారు. పిచ్చమ్మా, ఆ తర్వాత పుట్టిన ఆమె తమ్ముడు మస్తాన్‌రావూ నా మీద పక్క తడిపి పెద్దవాళ్ళయ్యారు. ఇప్పుడు ఇద్దరికీ జుట్టు నెరిసింది గానీ నాకు మాత్రం వాళ్ళు పిల్లలే.

మనుషుల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చుట్టం వస్తే నన్ను వాల్చి కొత్త దుప్పటి పరుస్తారు. ఆ చుట్టం కదిలే సూచనలు లేకపోతే ఉతకాలని చెప్పి దుప్పటి తీసేస్తారు. మొగుడూ పెళ్ళాలకు మాటలు లేకపోతే నన్ను వసారాలోకి ఈడుస్తారు. మస్తాన్‌రావుకీ, అతని మేనమామ కూతురు శేషారత్నానికీ పెళ్ళయిన కొత్తలో నేను వసారాలోనే ఎక్కువ ఉండేదాన్ని. వాళ్ళు రాజీపడ్డ సంగతి వీధి మొత్తానికన్నా ముందు నాకే తెలిసేది, ఆ రాత్రి నా మీదికి ఎవరూ వచ్చేవారు కాదు కనక.

మస్తాన్‌రావు తాపీమేస్త్రి. ఒకరోజు పనిలో నిలబడి సిమెంటు కలిపిస్తూ ఉండగానే కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆసుపత్రి నుంచి తెచ్చి నా మీద పడుకోబెట్టారు. ఇలాంటప్పుడు లోకం ‘మంచం పట్టాడు’ అంటుంది. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చేసేది రోగమైతే పేరు నాకా?

డాక్టరు చెప్పింది చాలా తేలిక మాట. కాలూ చెయ్యీ ఆడిస్తూ ఉంటే మెల్లగా తిరిగొస్తాయి, పడుకునే ఉంటే బిగుసుకుపోతాయి, ఆ తర్వాత ఎవరేం చేసినా లాభం లేదు. చిక్కల్లా ఇంటినిండా ప్రేమ ఉండటంతో వచ్చింది. పిచ్చమ్మ తన కాపురం కోడలికి అప్పగించి వచ్చేసింది. తమ్ముడికి అన్నం కలిపి నోట్లో పెట్టేది. అతను భుజం కదిపితే చాలు, పరుగెత్తుకొచ్చేది.

“నువ్వు లెగమాకరా తమ్ముడా, నేనున్నానుగా. నీకేం కావాలో చెప్పు.”

చూడవచ్చినవాళ్ళంతా బత్తాయిలు తెచ్చారు, పడుకో పడుకో అని చెప్పి వెళ్ళారు. శేషారత్నం ఒక్కతే “లెగు బావా, కూసో” అనేది. దానికి పిచ్చమ్మ ముక్కు చీదేది, వీధివాళ్ళు గుసగుసలాడేవారు. అతనేమో గోడవైపు తిరిగేవాడు. అలిసిపోయిన మనిషికి పడుకోమనేవాళ్ళే అయినవాళ్ళుగా కనిపిస్తారు. పడుకోబెట్టడానికే పుట్టినదాన్ని నేను. అయినా ఈ మనిషి ఒక్కసారి నా మీంచి లేస్తే చాలునని, నాకు దేవుడెవరో తెలియకపోయినా మొక్కుకునేదాన్ని.

నెలలు గడిచేసరికి నా నవారు సాగి నడుం దగ్గర గొయ్యి పడింది. అతను ఆ గోతిలో సర్దుకుపోయాడు. దాన్ని చూసి నాకు భయం వేసింది.

శేషారత్నానికీ వేసిందేమో. ఒక ఉదయం పిచ్చమ్మ జావ కాస్తుండగా, భర్తను భుజానికి ఆనించుకుని కుర్చీలోకి దించింది. నా నవారంతా విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. నవారు బిగించడానికి ఇద్దరుండాలి. ఒకరు లాగుతుంటే, లాగింది జారిపోకుండా ఇంకొకరు పట్టె దగ్గర అదిమి పట్టుకోవాలి. ఇన్నేళ్ళూ ఆ ఇద్దరూ వాళ్ళే. ఆమె ఒక్కతే లాగింది, జారిపోయింది. మళ్ళీ లాగింది. ఈసారి నవారు మెలిపడింది. ఆమె దాన్ని సరిచెయ్యకుండా అలాగే అల్లుకుంటూ పోయింది. ఈ పని కళ్ళు మూసుకుని చెయ్యగల మనిషి చేతిలో మెలి ఎలా పడిందో నాకు అప్పుడే అర్థమైంది.

మస్తాన్‌రావు కాసేపు గోడను చూశాడు. జీవితమంతా వంకరలు సరిచేసిన మనిషి, ఎంతసేపని ఊరుకుంటాడు?

“అట్టా కాదే. మెలి తీసి లాగు.”

“లాగుతా. నువ్వు పట్టుకో.”

“నాకుండేది ఒంటి చెయ్యేగా.”

“ఒకటి చాల్లే బావా. మిగతాయి నాకుండాయిగా.”

అతను ఎడంచేత్తో నా పట్టె దగ్గర నవారు అదిమి పట్టుకున్నాడు. ఆమె లాగింది. రెండు వరసలు చక్కగా కూర్చున్నాయి. మూడోదానికి మరింత బిగువు కోసం అతను పడిపోయిన కాలు నా పట్టెకు ఆనించబోయాడు. కాలు జారింది. మనిషి కుర్చీలోంచి నేలమీద పడ్డాడు.

జావ గిన్నెతో వచ్చిన పిచ్చమ్మ గుమ్మంలోనే గొల్లుమంది. “జబ్బు మనిషి చేత చాకిరీ చేయిస్తున్నావంటే, నీది గుండేనా రాయా?” శేషారత్నం మొహం పాలిపోయింది. నవారు వదిలేసి అతని దగ్గరికి పోబోయింది. ఆమెది రాయి కాదు.

“వదలమాకే,” అన్నాడతను నేలమీద నుంచే. “వదిలితే అల్లిందంతా పోద్ది.” కాలు రెండు చేతులతో పట్టుకుని, అంటే ఒక మంచి చెయ్యీ, ఒక సాయంరాని చెయ్యీ కలిపి పట్టుకుని, నా పట్టెకు తన్నిపెట్టాడు. “అక్కా, ఆ గిన్నె కింద పెట్టు. ఆ కొస పట్టుకో.”

పిచ్చమ్మ ఏడుస్తూనే పట్టుకుంది. నన్ను బిగించి ముగించేసరికి జావ చల్లారిపోయింది. అతను దాన్ని ఎడంచేత్తో తానే తాగాడు. సగం చొక్కామీద పోసుకున్నాడు. పిచ్చమ్మ ఒకటికి రెండుసార్లు చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. నాకు ఆవిడ మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఆ తర్వాత అంతా సుఖమేనని చెప్పను. ఇంకా పడ్డాడు, విసుక్కున్నాడు, ఒకరోజు జావ గిన్నె విసిరికొట్టాడు. శేషారత్నం దొడ్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. కుడిచెయ్యి పూర్తిగా రానేలేదు. కాలు మాత్రం ఈడ్చుకుంటూ నడిచేపాటి వచ్చింది. ఇప్పుడు పనిదగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, కుర్రమేస్త్రీలను తిట్టి గోడలు కట్టిస్తున్నాడు.

ఇంట్లోకి ఇనప మంచం వచ్చింది, నేను డాబా ఎక్కాను. ఎండాకాలమంతా నా మీద పాతచీర పరిచి వడియాలు పెడతారు. రాజుల మంచాలను అద్దాల గదుల్లో పెట్టి చూపిస్తారట. నాకు ఆ గౌరవం వద్దు, గుమ్మడి వడియాల వాసన బాగుంటుంది.

మొన్న సాయంత్రం మస్తాన్‌రావు గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయాసపడుతూ, అలవాటుగా నా అంచున కూలబడ్డాడు. శేషారత్నం అటు తిరిగి బట్టలు తీస్తూ, వెనక్కి చూడకుండానే అంది.

“లెగు బావా, వడియాలు ఇంకా పచ్చిగా ఉండాయి.”

అతను లేచాడు.