కుడికాలి మేజోడు

ముందే ఒక మాట. నాకు ఒత్తులు ఇంకా నిలకడగా రావు. ఒక పుట రాయడానికి రెండు మధ్యాహ్నాలు పడుతుంది. తప్పులుంటే సరిచేసుకుని చదువుకోండి. ఇంత నెమ్మదిగా రాసేదాన్ని కాబట్టి అబద్ధాలు రాసే ఓపిక మాత్రం లేదు.

పుంగనూరులో మాది సైకిలు షాపు. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచి అయితే సోమవారం నాకు ఉతుకు. మా ఆయన గోపాలస్వామి టీముకు సెక్రటరీ. పదకొండు అంగీలు, పదకొండు నిక్కర్లు, పదకొండు జతల మేజోళ్లు మూటగట్టి తెచ్చి బావి దగ్గర పడేసేవాడు. "టీమంటే కుటుంబం మే. కుటుంబం బట్టలు కుటుంబమే ఉతకాల" అనేవాడు. అంత కుటుంబంలో ఉతికే చేతులు రెండే ఎందుకున్నాయని నేను అడగలేదు. మ్యాచి చూడ్డానికి నన్నెవరూ పిలవలేదు. పదిహేనేళ్లు ఆ ఆటను నేను ఉతికే బండ మీదే చూశాను.

అంగీల మీద అంకెలు నాకు తెలిసేవి కావు. అయినా ఏది ఎవరిదో చెప్పగలిగేదాన్ని. గోలుకీపరు లక్ష్మయ్యకు మోచేతుల దగ్గర గడ్డి మరకలు. శంకరప్పకు వక్కాకు చుక్కలు, కాలరు మీద. దేవరాజులు అంగీకి రెండు పక్కలా ఎర్రమట్టి. ఎటు పడినా లేచి పరుగెత్తేవాడన్నమాట. టీముకు ప్రాణం అతనే. పాతికేళ్లవాడు.

డెబ్బై తొమ్మిదిలో, మదనపల్లె టోర్నమెంటుకు నెల కూడా లేదు, దేవరాజులు షాపు ముందుకొచ్చి ఇక ఆడనన్నాడు. లోపల రాగిపిండి జల్లిస్తూ విన్నాను.

"మా ఇంటామెకు కుప్పంలో టీచరుద్యోగం వచ్చిందన్నా. ఇల్లెత్తేసి పోతాండాము."

అంతే చెప్పి వెళ్లిపోయాడు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"పెండ్లాం జీతం కోసం బాలు ఇడిసిపెడతాడా యాడన్నా?" అన్నాడు శంకరప్ప.

"వాడు కాదప్పా, ఆయమ్మ ఇడిపిస్తా ఉండాది," అన్నాడు మా ఆయన. "సదువుకున్నదాన్ని సేసుకుంటే ఇంతే. మా ఇంట్లో సూడు, నోరెత్తుతుందా?"

జల్లెడ నా చేతిలో ఆగింది. మళ్లీ ఆడింది.

మూడు రోజుల్లో ఆ మాట ఊరంతా పాకింది. కొళాయి దగ్గర దేవరాజులు భార్య అమరావతి బిందెను ఎవరో వరసలోంచి వెనక్కి జరిపారు. సోమవారానికల్లా కుప్పం బడిలో చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. సరిగ్గా అందుకే టీము వాళ్లు గురువారం సాయంత్రం ఆమె ఇంటికి పోయి, ఉద్యోగం వద్దని రాయించాలనుకున్నారు.

"నువ్వూ రా మే. ఆడోళ్లకు ఆడోళ్లు సెప్తే ఇంటారు," అన్నాడు మా ఆయన.

"నేనేం సెప్పాల?"

"సంసారం ముఖ్యమని సెప్పు. నిన్ను సూసి నేర్చుకుంటాది."

బయల్దేరే ముందు ఉతికిన బట్టల్లోంచి దేవరాజులు కుడికాలి మేజోడు తీసి బొడ్లో దోపుకున్నాను.

మూడు నెలలుగా నాకు తెలిసిన సంగతి ఒకటుంది. దేవరాజులు అంగీకి మట్టి ఎడమ పక్కే అంటుతోంది. కుడి పక్క పడకుండా జాగ్రత్తపడుతున్నాడు. కుడికాలి మేజోడు తిరగేస్తే మోకాలు తగిలే చోట పసుపు, నీలగిరి తైలం వాసన. ఎంత సబ్బు పెట్టినా ఆ పసుపు వదల్లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉతికేదాన్ని ఆట గురించి ఎవరడుగుతారు?

వాళ్లింట్లో మగవాళ్లు చాప మీద కూర్చున్నారు. అమరావతి గడప దగ్గర నిలబడింది. మా ఆయన చాలాసేపు ఊరి పరువు గురించి మాట్లాడి, "సెప్పు మే" అని నా వైపు తిరిగాడు.

నేను మేజోడు తీసి, తిరగేసి, చాప మీద పెట్టాను.

"ఈ పసుపు ఎన్నాళ్లనుంచి కడ్తాండావు దేవరాజులూ?"

అతను తల దించుకున్నాడు. లక్ష్మయ్య మేజోడు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"మోకాలా?" అన్నాడు.

"చిత్తూరు డాక్టరు ఇంగ ఆడితే నడవలేవన్నాడన్నా," అన్నాడు దేవరాజులు. "మీరంతా నన్ను పాపమని సూస్తే నేను తట్టుకోలేను."

"ఆయమ్మను ఊరంతా తిడితే తట్టుకుంటావా?" అన్నాను.

ఆ గొంతు నాదేనని నాకే నమ్మకం కలగలేదు. అమరావతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయప్ప ఎవురికీ సెప్పొద్దన్నాడక్కా. రోజూ పసుపు నూరింది నేనే," అంది.

లక్ష్మయ్య మేజోడు మడిచి చాప మీద పెట్టాడు. చివరికి శంకరప్ప, "తప్పయిపోయిందమ్మా, నువ్వు ఉద్యోగంలో చేరు తల్లీ," అన్నాడు. మా ఆయన మాత్రం, "ఇంగ టీము పోయినట్టే," అని గొణిగాడు.

"అంకయ్య ఉండాడు కదా," అన్నాను.

నవ్వారు. అంకయ్య గోలుకీపరు ముందర, వెనక వరసలో నిలబడి బాలు అడ్డుకునేవాడు. నోట్లో మాట లేని మనిషి.

"వెనక నిలబడేటోని అంగీ అట్లుండదప్పా. ముందర రొమ్ము మీదంతా మట్టే. నిలబడమన్న సోట నిలబడలేక ముందుకు దూకుతాండాడు. అట్లాటోన్ని ముందరే పెట్టుకోండి."

ఈసారి నవ్వలేదు. లక్ష్మయ్య, "వదిన సెప్పేది నిజమే. నేను ఎనక నుంచి సూస్తానే ఉండాను," అన్నాడు. దేవరాజులు మొదటిసారి తలెత్తాడు. అమరావతిని కుప్పంలో దింపి వచ్చి, టోర్నమెంటు దాకా అంకయ్యకు నేర్పిస్తానన్నాడు. అన్నట్టే నేర్పించాడు, గట్టు మీద కూర్చుని, కాలు చాపుకుని.

మదనపల్లెలో రెండో మ్యాచిలోనే ఓడిపోయారు. కానీ పుంగనూరు వేసిన ఒక్క గోలూ అంకయ్యదే. అది అందరికీ సరిపోయింది. "అంకయ్యను కనిపెట్టింది నేనే" అని మా ఆయన షాపులో నెలరోజులు చెప్పుకున్నాడు.

మదనపల్లె నుంచి తిరిగొచ్చిన సోమవారం ఎప్పటిలాగే మూట వచ్చింది. నేను దాన్ని బావి దగ్గరికి తీసుకుపోలేదు. అంగీలు ఒక్కొక్కటి విదిలించి, షాపు ముందర టైర్లు తగిలించే తీగకు వరసగా తగిలించాను.

"ఇదేందే?"

"ఎవురి అంగీ వాళ్లు ఉతుక్కుంటే, ఎవురి ఒంట్లో ఏముండాదో వాళ్లకే తెలుస్తాది."

"పదకొండు మంది నవ్వుతారు."

"ఒగరు ఉతికితే నవ్వు రాలేదు కదా."

ఆయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు. అంగీలు మాత్రం వెళ్లిపోయాయి. మొదట తీసుకెళ్లింది అంకయ్య.

ఆ తర్వాత అమరావతి దగ్గర నుంచి కార్డు వచ్చింది. మా ఆయనే చదివి వినిపించాడు. "అక్కా, మేము బాగున్నాము. ఆయన ఇక్కడ బడిపిల్లలకు ఆట నేర్పిస్తున్నారు. మోకాలు కొంచెం నయం. అన్నకు నమస్కారాలు." చదివి పాత ట్యూబుల పెట్టెలో పడేశాడు. నేను తీసి చీరల అడుగున దాచుకున్నాను. ఒక్క మాట తక్కువ కాకుండా అది నాకు నోటికి వచ్చేసింది.

ఎనభై నాలుగులో ఆయన పోయాడు. మరుసటి ఏడు వయోజన విద్య పంతులమ్మ దగ్గర పలక పట్టుకున్నాను. నలభై ఎనిమిదేళ్లకు. ఎనిమిది నెలలయ్యాక, ఒక మధ్యాహ్నం ఆ కార్డు తీసి కూడబలుక్కుంటూ చదివాను. నాకు నోటికి వచ్చిన మాటలన్నీ ఉన్నాయి. వాటి కింద ఇంకా రెండు వరసలున్నాయి.

"సోమవారం ఉతుకు మానేశావని అంకయ్య చెప్పాడు. ఆ సోమవారాలు నాకు ఇవ్వక్కా. వస్తే నీకు చదువు చెప్తాను."

ఆ వరసల కిందే నల్లటి గ్రీజు మరక ఉంది. ఆయన బొటనవేలిది. మరకలు చదవడం నాకు అక్షరాలకంటే ముందే వచ్చు. ఆయన ఆ వరసలు చదివాడు. వేలు పెట్టి, చాలాసేపు ఆగి, చదివాడు.

కార్డు ఒళ్లో పెట్టుకుని పొద్దువాలే దాకా కూర్చున్నాను. తర్వాత లేచి, కొత్త కార్డు మీద నా చేత్తో మొదటి ఉత్తరం రాశాను. ఆరేళ్లు ఆలస్యమైందని రాయడానికి నాకు అన్ని అక్షరాలు రావు. అందుకే ఒకటే రాశాను. సోమవారం వస్తాండాను.

మునిలక్ష్మమ్మ, యాభై ఒకటి, కుప్పం.