ఎండకు జడిసేవాడివి బెజవాడ ఎందుకొచ్చావ్?

మా ఆయన ఆటో వెనక ఎర్ర రంగుతో ఆ మాట రాయించుకున్నాడు. ఊరికి అదే బిరుదన్నట్టు స్టాండు స్టాండుకీ పాకిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎక్కడానికొచ్చినవాణ్ణి పట్టుకుని ఎందుకొచ్చావ్ అంటే ఎవడెక్కుతాడండీ? పోట్లాడి పోట్లాడి, గుణదల తిరునాళ్లకు ముందురోజు దగ్గరుండి చెరిపించేశాను.

మర్నాడు చీకటితోనే మా అత్తగారు రత్తమ్మను ఆటోలో ఎక్కించుకుని మరియమాత గుడికి తీసుకెళ్లాం. ఆవిడది బందరు దగ్గర పల్లెపాలెం. చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి, చదువు రాదు. మోకాళ్లనొప్పి తగ్గితే కొవ్వొత్తులు వెలిగిస్తానని మొక్కుకుంది. మొక్కు తీరాక, "నే పోయి ఆటోలో కూకుంటా, మీరు మరమరాలు కొనుక్కుని రండే" అని ముందు నడిచింది.

మేం వెళ్లేసరికి ఆటో ఉంది, అత్తగారు లేదు.

ఆ రోజుల్లో సెల్‌ఫోన్లెక్కడివి? ఆ జనంలో వెతికి వెతికి, చివరికి బందరు రైలెక్కిందేమోనని ఆటోలో రైలు స్టేషను దాకా పోయాం. మా ఆయన ప్లాట్‌ఫారం మీద కూలబడి, "అమ్మేమైపోయిందే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని అలా ఎన్నడూ చూడలేదు.

అప్పుడు ఆటోస్టాండు మరియదాసు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ కోటిలింగం! మీ అమ్మ తిరునాళ్ల మైకు దగ్గరుందిరా! కొడుకు పేరు చెప్పమంటే చెప్పదంట. 'ఎండకు జడిసేవాడివి బెజవాడ ఎందుకొచ్చావ్' ఆటో మావోడిదే అంటదంట. మైకులో ఆ మాట వినపడగానే స్టాండు మొత్తం లేచిందిరా!"

పేరెలా చెబుతుంది? మా ఆయనకు వాళ్ల తాత పేరే పెట్టారు. తన మామగారి పేరు నోటితో అనకూడదని, కన్నకొడుకును పుట్టినప్పట్నుంచీ పెద్దోడా అనే పిలుస్తుంది ఆ మహాతల్లి.

మైకు దగ్గర కుర్చీలో దర్జాగా సోడా తాగుతోంది. నేను కావలించుకుని భోరుమన్నాను.

"ఆటోలో కూర్చోకుండా ఎక్కడికి పోయావత్తా?"

"ఆటో ఉంటే గదే! ఎర్రరాత ఆటో కోసం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తిరిగా. ఒక్కటీ కనపళ్లా."

మా ఆయన నా వైపు ఓ చూపు చూశాడు. తిట్టినా బాగుండేది.

ఆటో దగ్గరకు తీసుకొస్తే ఆవిడ వెనక్కి వెళ్లి చూసి, అడుగు కదపలేదు.

"ఇది మనది కాదు."

"మనదేనే అమ్మా!" అన్నాడు మా ఆయన.

"మరి రాతేదిరా?"

ఎంత చెప్పినా ఎక్కదే! విసుగొచ్చి మైకువాళ్లనడిగి సుద్దముక్క తెచ్చాను. చదివింది ఏడో తరగతైనా, నా చేత్తో నేనే ఆ మాట మొత్తం పెద్దపెద్ద అక్షరాలతో రాశాను. వంకరటింకరగానే వచ్చింది.

అత్తగారు తల పంకించింది. "తెల్లగా ఉంది గానీ, ఇదే," అని ఎక్కి కూర్చుంది. కూర్చుని నా చెవి దగ్గరకు వంగింది.

"ఎవడే మన రాత చెరిపింది? కనపడితే చెప్పు, వాడి పని చెబుతా."

"ఎవరో బుద్ధిలేని మనిషిలే అత్తా" అన్నాను.

ముందు సీట్లో మా ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఆటో స్టార్ట్ చేశాడు.