మూడు అవును, పదిహేడు కాదు

తుపాకి గార్డులకి ఏడాదికోసారి మనసు పరీక్ష చెయ్యాలని రూలు. ఆ రూలు పెట్టిన పెద్దమనిషి ఏ గార్డుతోనూ ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడి ఉండడు. పరీక్ష అంటే ఇరవై ప్రశ్నలున్న కాగితం, ప్రతి ప్రశ్న పక్కనా అవును, కాదు అని రెండు గళ్ళు. జవాబులు మాత్రం పాత గార్డుల నుంచి కొత్త గార్డులకి నోటిమాటగా వస్తున్నాయి. మొదటి మూడూ అవును, మిగతా పదిహేడూ కాదు. జవాబు తెలిశాక ఇంక ప్రశ్న చదివే ఓపిక ఎవడికుంటుంది?

మీసాలాయనకి ఇది తొమ్మిదో పరీక్ష. తొమ్మిదేళ్ళుగా ఒకే నగల దుకాణం, ఒకే తలుపు, ఒకే స్టూలు. ఆయన చేరిన ఏజెన్సీవాళ్ళు మనిషిని పెట్టుకోరు, తుపాకిని పెట్టుకుంటారు. దాని వెనకాల మనిషి వస్తాడు. సొంత తుపాకీ, సొంత పేరున లైసెన్సూ ఉన్నవాడు గార్డు. లేనివాడు కర్ర పట్టుకుని, బండ్లు నిలిపే చోట ఈల ఊదుకుంటూ సగం జీతానికి నిలబడాలి. దాన్ని కర్ర డ్యూటీ అంటారు, అనేటప్పుడు కాస్త నవ్వుతారు కూడా. మేనేజరు మొదటిరోజు ఈయన మీసాలనీ రెండు గొట్టాల తుపాకినీ చూసి సరేనన్నాడు. కళ్ళలోకి చూడలేదు. అప్పట్లో వాటిలో చూడాల్సిందేమీ లేదు కూడా.

ఈమధ్యే తేడా వచ్చింది. దుకాణంలో రెండో గార్డు మానేశాడు. బదులు మనిషి రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అంటూ ఏజెన్సీవాళ్ళు నాలుగు నెలలు ఈయన చేతే రెండు డ్యూటీలూ చేయించారు. మొదట ఒళ్ళు అలిసింది. ఒళ్ళు అలిస్తే నిద్రతో పోతుంది, కానీ ఆ నిద్రే పోయింది. తర్వాత కొత్త మనిషి వచ్చాడు, నిద్ర మాత్రం రాలేదు. మూడు వారాల క్రితం దుకాణంలో ఎవరి చేతిలోంచో గొడుగు జారి నేలమీద టప్పున పడింది. మీసాలాయన చూసుకునేసరికి వేలు ట్రిగ్గరు మీద ఉంది. ఎదురుగా ఒక పిల్ల వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ గమనించలేదు. ఆయన గమనించాడు, అదే ఆయన పాపం.

ఇంకోటి కూడా ఉంది. డ్యూటీ దిగాక తుపాకి ఇంటికే వస్తుంది, సొంతది కదా. ఆదివారం దాన్ని విప్పి తుడుస్తుంటే, ఇంత అలసట దేనికి, ఒక్కసారిగా అయిపోతుంది కదా అని ఒక ఆలోచన పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంటోంది. మొదటి వారం భయపడ్డాడు. నాలుగో వారానికి అలవాటైపోయింది. భయపడాల్సింది ఆ అలవాటుకే అని ఆయనకీ తెలుసు.

పరీక్ష రోజు ఆసుపత్రి వరండాలో పద్ధెనిమిది మంది గార్డులు బెంచీలమీద ఇరుక్కుని కూర్చున్నారు. తుపాకులన్నీ కింద గదిలో పెట్టించి తాళం వేశారు. కాగితాలు పంచిన నాలుగు నిమిషాలకి అందరూ నింపేశారు. చదవకుండా సంతకం పెట్టడం వీళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. మీసాలాయనా అంతే. మూడు అవును, పదిహేడు కాదు.

పావుగంటకి ఏజెన్సీ సూపర్‌వైజరు లోపలినుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"కొంప ముంచారు కదయ్యా. ఈ డాక్టరమ్మ కొత్తావిడ. ప్రశ్నలన్నీ మార్చేసింది. మీ పద్ధెనిమిది మందికీ నిద్ర పట్టట్లేదంట, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారంట, బతకడం దండగనిపిస్తోందంట. ఇంట్లోవాళ్ళతో మాట్లాడతారా అంటే అందరూ కాదన్నారు."

బెంచీల మీద నవ్వులు లేచాయి. "ఆ చివరిది నిజమేలే" అన్నాడు ఒకడు.

"నవ్వింది చాలు. ఒక్కొక్కరే లోపలికెళ్ళండి. చూసుకోలేదమ్మా, పొరపాటైంది అనండి. కొత్త కాగితం ఇస్తుంది. ఈసారి చదివి పెట్టండి. తేడా వస్తే తుపాకి పోలీసు స్టేషన్లో జమ, మీరు కర్ర డ్యూటీ. తర్వాత నన్ననుకోవద్దు."

ఒక్కొక్కరే వెళ్ళొస్తున్నారు. రెండు నిమిషాలకి ఒకడు, గండం గడిచినట్టు మొహం తుడుచుకుంటూ. మీసాలాయన చిట్టచివర. పక్కవాడు నవ్వినప్పుడు తనూ నవ్వాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మూడు మాటలు తన చేత్తోనే రాసిచ్చేశాడు. అదీ చదవకుండా. ఇప్పుడు లోపలికెళ్ళి అవి అబద్ధమని చెప్పాలి.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంటోంది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యకుండానే పక్కనుంది. ఈయన నోరు తెరవకముందే కొత్త కాగితం ముందుకి తోసింది.

"మీరూ చూసుకోలేదు, పొరపాటైంది. అంతేనా?"

"అంతేనమ్మా."

"సరే, నింపండి."

తప్పించుకునే తలుపు ఎంత సులువుగా తీసిందో. మీసాలాయన కలం పట్టుకుని, ఈసారి చదివాడు. నిద్ర పట్టక మేలుకుంటున్నారా. కాదు గడి మీద కలం ఆనించాడు. గీత పడలేదు. కర్ర పట్టుకుని ఈల ఊదే తను కనిపించాడు. సగం జీతంతో ఇల్లు ఎలా నడుస్తుందో, భార్య మొహం ఎలా ఉంటుందో కనిపించింది. వెంటనే గొడుగు పడ్డ చప్పుడు, కొంగు పట్టుకున్న ఆ పిల్ల. దాని వయసు ఐదో ఆరో ఉంటుంది. ఆ పిల్లకి ఇవన్నీ ఏం తెలుసు?

కలం కింద పెట్టాడు.

"చూడకుండానే పెట్టానమ్మా, ఆ మాట నిజం. కానీ నావి మార్చక్కర్లేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"మూడూనా?"

"మూడూ."

ఆవిడ కంగారుపడలేదు, జాలిపడలేదు. ఎన్నాళ్ళనుంచి అని అడిగింది, ఇంట్లో ఎవరుంటారని అడిగింది, తూటాలెక్కడ పెడతారని అడిగింది. ఈయన చెబుతూ పోయాడు. సిగ్గేసింది, కానీ సిగ్గు కింద ఏదో బరువు దిగుతున్నట్టూ ఉంది. ఆవిడ మందులు రాసింది, వారానికోసారి రమ్మంది. తుపాకీ తూటాలూ ఈరోజే స్టేషన్లో జమ చెయ్యాలని, ఇంట్లో ఉన్నవి కూడా మనిషిని పంపి తెప్పిస్తామని చెప్పింది.

"తుపాకి మళ్ళీ వస్తుందా అమ్మా?"

"మూడు నెలలకి చూద్దాం. వస్తుందని మాటివ్వలేను."

అబద్ధం చెప్పనందుకు ఆయనకి ఆవిడ మీద గౌరవం కలిగింది.

బయట సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "పదిహేడు మంది చక్కగా బయటపడ్డారు. కోరి కొరివితో తల గోక్కున్నారు కదన్నా" అన్నాడు. తిట్టాలనుకున్నాడేమో, ఈయన మొహం చూసి ఆగిపోయి, స్టేషను దాకా తన బండి మీద దించాడు.

మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. స్టేషను మనిషి అప్పటికే వచ్చి తూటాల పెట్టె పట్టుకుపోయాడట. ఆవిడ ఆయన భుజం వైపు చూసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఖాళీగా ఉంది.

మీసాలాయన గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేశాడు. నిద్ర సంగతి, గొడుగు సంగతి, ఆదివారాల సంగతి. ఇక కర్ర డ్యూటీయే, సగం జీతమే అన్నాడు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు, లేదా తిడుతుందనుకున్నాడు.

"ఇంట్లో ఇంకేం లేవుగా? ఒక్క తూటా కూడా?" అంది.

"లేదు. అన్నీ ఇచ్చేశా."

"సరే అయితే." మిషను మీది గుడ్డ మడతపెట్టి లేచింది. "రెండు నెలలయింది నేను పడుకుని. మీరు అటు తిరిగి మేలుకుని ఉంటే, ఇటు తిరిగి నేనూ మేలుకునే ఉన్నా. మీరు లేస్తే ఎటు వెళ్తున్నారో అడుగులు లెక్కపెట్టుకునేదాన్ని. అడిగితే ఏమంటారోనని భయపడి అడగలేదు."

ఈవిడది మొద్దునిద్ర అని ఇన్నాళ్ళూ అనుకున్నాడాయన.

"వంట అయింది, పెట్టుకు తినండి. నేను కాసేపు పడుకుంటా" అని మంచమెక్కి, గోడవైపు తిరిగి, ఐదు నిమిషాల్లో గురక పెట్టింది.

కాసేపటికి పక్కింటావిడ కుట్టడానికిచ్చిన జాకెట్టు కోసం వచ్చింది. మీసాలాయన తలుపు ఓరగా తీసి, పడుకుంది, రేపు రండి అని మెల్లగా చెప్పాడు. ఈ వేళప్పుడు నిద్రేంటి, ఒంట్లో బాగాలేదా అని అడిగిందావిడ. బాగానే ఉంది, అలిసిపోయింది అని చెప్పి చప్పుడవకుండా తలుపు వేశాడు.