చెరువు మలుపు దగ్గర రెండు కూతలు

మూడు రోజులుగా మాసీ మేత ముట్టలేదు. మాసీ అంటే మా పార్కులోని ముసలి ఆడ మనుబోతు. రెండు కళ్లూ పోయాయి. నేను నడిపే పార్కు రైలు ఇంజిన్ కూత విని, కంచె పక్కన మల్బరీ ఆకు వేసే చోటికి వచ్చేది.

నిజానికి ఆ కూత దానికోసం మొదలైంది కాదు. చెరువు మలుపులో నా భార్య సుగ్రా జొన్నరొట్టె, ఆవాకు కూర పట్టుకుని నిలబడేది. వస్తున్నానని రెండు పొట్టి కూతలు వేసేవాణ్ని. ఆమె పోయి నాలుగేళ్లయినా చేతికి అలవాటు పోలేదు. కాపరి నవాబ్ దీన్ ఆ కూతకే మేత వేస్తూ వచ్చాడు.

జంతువులు బెదురుతాయని మూడు రోజుల కిందట కొత్త అధికారి కూతలు ఆపించాడు. రైలింజన్ల కట్టెల కోసం మనుషులు నాటిన అడవి ఇది. ఇప్పుడిక్కడ ఇంజినే పరాయిదైంది.

"ఆకు మూతిదాకా పెట్టినా తల తిప్పేస్తోంది బాబూజీ. ఒక్కసారి కూయించు," అన్నాడు నవాబ్ దీన్, ఇంజిన్ మెట్టు పట్టుకుని.

"అధికారి ఇవాళ రెండో పెట్టెలోనే ఉన్నాడయ్యా."

"బి.ఏ. చదివావు, ఒక సాకు దొరకదా?"

పొయ్యిలో కట్టెలు వేస్తున్న అల్లాదిత్తా నవ్వాడు. "చాచాకి సాకులా? కూరలో ఉప్పెక్కువైందని చాచీకే ఏనాడూ చెప్పలేదు!"

పింఛనుకు ఇంకా పది నెలలుంది. ఇంజిన్ మీంచి దించేస్తే నా మోకాళ్లకు సుఖమే. కానీ ఆ మలుపు రోజూ కనపడదు.

మలుపు వచ్చింది. తాడు రెండుసార్లు లాగాను.

శీషం చెట్లలోంచి మాసీ వచ్చింది, భుజం కంచెకు రాసుకుంటూ. ఆకుల్లో మూతి పెట్టింది.

బండి ఆగగానే అధికారి దిగొచ్చాడు. "ఎవరు లాగింది?"

"నేనే సార్."

"రేపట్నుంచి గేటు దగ్గర టిక్కెట్లు చింపు. బండి అల్లాదిత్తా నడుపుతాడు."

గొంతు పెంచలేదు. అదీ ఒక దయే అనుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర నాకు కుర్చీ వేశారు. మధ్యాహ్నం లాహోర్ బడిపిల్లల టిక్కెట్లు చింపుతుంటే చెరువు వైపు నుంచి కూత వినపడింది. అల్లాదిత్తా చేయి ఇంకా కుదరలేదు, మొదటిది మరీ పొడుగు. రెండోది సరిగ్గానే వచ్చింది.

అప్పుడే అటుగా వచ్చిన అధికారి ఆగాడు. చాలాసేపు చెరువు వైపే చూశాడు.

"నిన్న ఆ గుడ్డి మనుబోతు తిన్నదా?" అన్నాడు. నవాబ్ దీన్ చెప్పినట్టున్నాడు.

"తిన్నది సార్."

తలూపి లోపలికి వెళ్లిపోయాడు. నేను మోకాళ్లు చాపుకుని తర్వాతి టిక్కెట్ అందుకున్నాను.