వంగే కారు

ఆ కారు నేను కొన్నది అది వంగుతుంది కనక.

వెనక తలుపు దగ్గరున్న మీట నొక్కితే, అలసిన మనిషి కూర్చుంటూ వదిలే ఊపిరిలాంటి చప్పుడు చేసి, ఒళ్లంతా నాలుగు వేళ్ల మేర కిందికి దిగేది. బరువైన సామాను ఎక్కించుకోవడానికి ఆ ఏర్పాటని బ్రోకరు చెప్పాడు. నేను మాత్రం మా ఆవిడ కుడికాలిని తలుచుకున్నాను. ఆ కాలు ఎంత లేస్తుందో, ఎంత లేవాలో, ఆ రెంటికీ మధ్య తేడా సరిగ్గా ఆ నాలుగు వేళ్లే.

ఆమె కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రిలో డయాలిసిస్. మాకున్నదేమో సరుకు వ్యాను. నేను పాత ఫ్రిజ్‌లు, కూల్‌డ్రింకు షాపుల్లో అద్దం తలుపులతో నిలబడే పెద్ద పెద్ద కూలర్లు కొని, బాగుచేసి అమ్ముతాను. వ్యాను ఎత్తు ఆ వ్యాపారానికి తగ్గట్టే ఉంటుంది. ఒకరోజు ఆమె మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోతే, సరుకు దించే మా హమాలీ వెనకనుంచి వచ్చి నడుం పట్టుకుని అమాంతం సీట్లో పెట్టాడు. పాపం, సాయమనుకునే చేశాడు. ఇంటికొచ్చాక ఆవిడ చెప్పింది.

“వినండి. నా కాళ్ల మీద నేను ఎక్కినన్నాళ్లూ వస్తాను. నన్ను మళ్లీ ఎవరైనా ఎత్తి పెట్టిన రోజే ఆఖరు. ఆ తర్వాత సూదులూ వద్దు, గొట్టాలూ వద్దు.”

“ఏదో మాట వరసకి అంటున్నావు.”

“మీతో ఇన్నేళ్లు కాపురం చేశాను. బేరం ఒకసారే చెప్పాలని ఆ మాత్రం నేర్చుకోలేదా?”

టాక్సీలు చూశాం. కొన్ని ఎత్తు, ఎక్కలేదు. కొన్ని మరీ కిందికి, ఎక్కితే లేవలేదు. అప్పుడు దొరికింది ఈ క్రాస్ఓవర్ కారు. కొత్తగా ఉన్నప్పుడు దాని ధర వింటే నాలాంటివాడు షోరూం గుమ్మంలోంచే దండం పెట్టి వెనక్కి వస్తాడు. చేతులు మారాక నా అందుబాటులోకి దిగింది.

పాత సరుకు చూడటం నాకు కొత్త కాదు. టైర్లు చూశాను, నూనె వేలికి రాసుకుని చూశాను, కార్పెట్ ఎత్తి తడి ఉందేమో వాసన చూశాను. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. నేను రాకముందే ఎవరో కాసేపు తిప్పి తెచ్చారన్నమాట. కొనేవాడు వచ్చే ముందు నేనూ కూలర్‌ని ముందుగా నడిపించి, అద్దానికి మంచు పట్టించి ఉంచుతాను. ‘చల్లారాక మళ్లీ వస్తా, అప్పుడు చూపించు’ అనాలి. అదే నా షాపుకొచ్చినవాడెవడైనా అంటే, వీడు పనిమంతుడని మర్యాదగా కుర్చీ వేస్తాను. నేను మాత్రం అనలేదు. కారు దిగడం చూసి మురిసిపోయాను. ఒక పూట నిలబెట్టాక మళ్లీ లేస్తుందో లేదో చూసేంత ఓపిక లేకపోయింది.

మొదట్లో దాంతో పరిచయం తమాషాగానే సాగింది. తాళం తిప్పగానే డ్రైవరు సీటు దానంతటది వెనక్కి జరిగిపోయేది. మునుపటి ఓనరు కాళ్లు పొడుగు కాబోలు, కారు ఇంకా అతన్ని మరిచిపోలేదు. ఎంత తుడిచినా సీట్లలోంచి అతని అత్తరు వాసన పోలేదు. బెల్టు పెట్టుకోకపోతే ఒకటే మోత. 

“మీ మాట వినని ప్రాణి ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నా. తోడు తెచ్చారు,” అంది మా ఆవిడ.

ఆమె వెనక సీట్లోనే కూర్చునేది. కారు వంగేది, ఆమె తలుపు పట్టుకుని, కాలు లోపల పెట్టి, తనంతట తను కూర్చునేది. కారు మెల్లగా లేచేది. అలా లేచిన ప్రతిసారీ ఆవిడ ముఖంలో చిన్న నవ్వు. దాని ముందు ఆ కారు ఖరీదు నాకు చవకే అనిపించింది.

తర్వాత ఒక ఉదయం వాకిట్లోకి వస్తే కారు వెనక ఎడమ పక్కకి కుంగి ఉంది. స్టార్ట్ చేస్తే అడుగున ఒక మోటారు గుర్రుమంటూ చాలాసేపు తిరిగి దాన్ని లేపింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. గ్యాస్ లీకయ్యే ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఆగకుండా అలాగే తిరుగుతుంది. తిరిగి తిరిగి ఒకనాడు కాలిపోతుంది.

ఆస్పత్రినుంచి వస్తూ మెకానిక్ షెడ్డులో ఆపాను. అతన్ని అందరూ పుల్ల అంటారు, మనిషి అంత బక్కపలచన. కారు కింద దూరి వచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

“దీనికి స్ప్రింగులుండవన్నా, గాలి సంచులుంటాయి. వెనక రెండూ చీలికలు పట్టాయి. ముందరివి కూడా రేపో మాపో. కంప్రెసర్ పాపం ఒక్కటే మోస్తోంది. అన్నీ మారిస్తే సగం కారు ఖరీదు. లేదా గమ్ము పెట్టి క్లిప్పులు బిగిస్తా. ఎన్నాళ్లు నడవాలి?”

మా పాత సరుకు లైన్‌లో రిపేరు చేసే ప్రతివాడూ అడిగే మాటే అది. ఎండాకాలం గడిస్తే చాలనేవాడికి ఒక రిపేరు, షాపు ఖాళీ చేసేదాకా అనేవాడికి ఒకటి. అవసరానికి మించి ఆయుష్షు పోసేవాణ్ని మేం వెర్రివాడంటాం. అంతకు ముందే ఆస్పత్రి వరండాలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఈ ఏడాది దాటితే గొప్పేనని చెప్పి ఉన్నాడు. నా బుర్రలో లెక్క దానంతటది పడిపోయింది.

“ఎంతో అక్కర్లేదు. ఈ ఏడాది గడిస్తే చాలు,” అన్నాను.

పుల్ల నా భుజం మీదుగా కారు వైపు చూసి, తల దించుకున్నాడు. వెనక కిటికీ అద్దం దించి ఉంది. ఏసీ చలికి ఓర్చుకోలేక ఆమె ఎప్పుడూ దించే ఉంచుతుంది.

ఇల్లు చేరబోతుండగా అడిగింది. “ఈ ఏడాది గడిస్తే చాలా?”

“నేనన్నది కారు గురించి.”

“నేనడిగేదీ కారు గురించే.”

ఆ తర్వాత రోజూ ఆమె లేవకముందే వాకిట్లోకి వెళ్లి కారు స్టార్ట్ చేసి, అది పూర్తిగా లేచేదాకా నిలబడేవాణ్ని. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి నిటారుగా ఉండేది. అప్పుడు మీట నొక్కి వంచేవాణ్ని. ఆమె దగ్గర ఏదీ దాగదు. “ఏంటండీ, దాన్ని పొద్దున్నే లేపి ముస్తాబు చేస్తున్నారు? కొనేవాడెవడైనా వస్తున్నాడా?” అని ఒకసారి అని ఊరుకుంది. వారాలు గడిచాయి. గమ్ము నిలిచింది. చవగ్గా గట్టెక్కాననే అనుకున్నాను.

ఒకరోజు కారు ఆస్పత్రి కిందనున్న పార్కింగ్‌లో కూలబడింది. డయాలిసిస్ అయ్యాక ఆమెను చక్రాల కుర్చీలో తోసుకొచ్చేసరికి కారు వెనక భాగం చక్రాల మీద పడిపోయి ఉంది. స్టార్ట్ చేశాను. కంప్రెసర్ ఒక్కసారి మూలిగింది. తర్వాత మాడు వాసన వచ్చింది. ఆ వాసన వచ్చాక ఇక చేసేదేమీ ఉండదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఒక టాక్సీ పిలిచాను. అది మరీ కిందికి ఉంది, మోకాళ్లు వంగక ఆమె ఆ సీట్లోకి దిగలేకపోయింది. ఇక మా షాపులోనే పనిచేసే బావమరిదికి ఫోన్ చేశాను. వాడు వ్యాను తెచ్చాడు.

ఆమె వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది. రెండు చేతులతో తలుపు పట్టుకుంది. లేవలేదు. దిగి, ఊపిరి తీసుకుని, మళ్లీ పెట్టింది. వెనకనుంచి ఏదో కారు హారన్ మోగించడం మొదలుపెట్టింది.

“అక్కా, నేను పడతాలే.”

“వద్దురా. ఆగు.”

“ఎంతసేపని నిలబడతావే? పడిపోతావు. తర్వాత నన్ను తిట్టుకో.”

ఎత్తేశాడు. వాడి చేతుల్లో ఆమె ఎంత తేలికగా ఉందో వాడి ముఖమే చెప్పింది. సీట్లో కూర్చున్నాక ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని కళ్లు మూసుకుంది.

ఆ సాయంత్రమే కారుని లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్లాను. పుల్ల అలవాటు కొద్దీ, “ఎన్నాళ్లు...” అని నోరు తెరిచి, టక్కున ఆగిపోయాడు.

“అన్నీ కొత్తవే వెయ్యి. సంచులు నాలుగూ, కంప్రెసరూ.”

“ఖరీదు చెప్తా విను అన్నా...”

“చెప్పకు.”

బేరమాడకుండా నేను దేన్నీ కొన్నవాణ్ని కాదు. పుల్లకే చేతులాడలేదు.

కారు షెడ్డులో ఉండగా ఒక డయాలిసిస్ తప్పింది. ఆమె కాళ్లు ఉబ్బాయి. వ్యానులో వెళ్దామని నేనూ బావమరిదీ ఎంత బతిమాలినా మంచం దిగలేదు. చివరికి కారు ఇంటికొచ్చింది. పూటంతా వాకిట్లో నిలబెట్టినా వెంట్రుకవాసి కుంగలేదు. మీట నొక్కి తలుపు తీసి, ఆమెను పిలిచాను. రాదనే అనుకున్నాను.

వచ్చింది. గోడ పట్టుకుని, మెల్లగా. కొత్త సంచులు ఉన్నాయేమో చూస్తున్నట్టు చక్రాల వైపు ఒకసారి వంగి చూసింది. తలుపు పట్టుకుని, కాలు లోపల పెట్టి, తనే కూర్చుంది. కారు లేచింది.

“బాగా లేస్తోంది. కొత్తవా?”

“కొత్తవే.”

“మంచి పని చేశారు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఆస్పత్రి వైపు తిరగడానికి ఎడమ లైటు వేశాను. వెనకనుంచి ఆమె చెయ్యి నా భుజం మీద పడింది.

“అటు కాదు. తిన్నగా పోనివ్వండి.”

“ఇప్పటికే ఒకటి తప్పింది. ఒంట్లో నీరు చూశావా?”

“చూశాను. ఎక్కడికైనా పోనివ్వండి, కాసేపు తిరిగొద్దాం. దీన్ని కొన్నప్పటినుంచి ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ పోలేదు.”

“అది కాదు, నా మాట...”

“బేరం ఒకసారే చెప్పాను.”

వెనక బళ్లు ఆగి ఉన్నాయి. లైటు ఆపేసి తిన్నగా పోనిచ్చాను. అద్దంలో చూస్తే ఆమె కిటికీ దించుకుని, గాలికి ముఖం పెట్టి కూర్చుంది. గతుకుల మీద కూడా కారు కుదుపు తెలియనివ్వలేదు. అడుగున ఏ చప్పుడూ లేదు. ఇప్పుడది చాలా ఏళ్లు నడుస్తుంది.